సంఘం కంప్యూటరులో ప్రోగ్రాములు: తెచ్చుకోవడం, సరిచూడడం, కాపాడుకోవడం

(కార్యదర్శులకు, పాలకవర్గానికి, పాలు పోసే సభ్యులందరికీ పాఠం)

పాల సంఘంలో ప్రతి పూటా పోసిన పాలకు లెక్క ఉంటుంది. ఎవరు పోశారు, ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, రేటు ఎంత అన్న అంకెల మీదనే సభ్యుని బిల్లు ఆధారపడుతుంది. ఒకప్పుడు ఈ లెక్క పుస్తకంలో ఉండేది. పుస్తకం తడవకుండా, చెదలు పట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. నేడు చాలా సంఘాలలో ఈ లెక్క కంప్యూటరులో ఉన్నది. కంప్యూటరు ఉన్న గదికి తాళం వేస్తే చాలదు. అందులోకి ఏ ప్రోగ్రాము వచ్చింది, ఎక్కడి నుండి వచ్చింది, దాన్ని ఎవరు పరీక్షించారు అన్నది కూడా తెలిసి ఉండాలి. తెలియని ప్రోగ్రాము లెక్కను చెరిపివేయవచ్చు, లేదా లెక్కకు తాళం వేసి డబ్బు అడగవచ్చు. అప్పుడు నష్టపోయేది పదిహేను రోజులు పాలు పోసి బిల్లు కోసం ఎదురుచూసే సభ్యుడు.

తిరుమలగిరి చుట్టుపక్కల పల్లెల సంఘాలను దృష్టిలో ఉంచుకొని ఈ పాఠం రాస్తున్నాం. కంప్యూటరు ఆగినప్పుడు బాగుచేసే మనిషి సూర్యాపేట నుండో జనగామ నుండో రావలసి వస్తే ఆ పూట పని ఆగిపోతుంది. కొద్దిపాటి పని మన కార్యదర్శికే తెలిసి ఉంటే సంఘానికి మేలు.

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. చాలా చోట్ల వాడుతున్న విండోస్ 10 కు కంపెనీ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రం బాగానే ఉన్నా కొత్త విండోస్ ఎక్కని పాత కంప్యూటర్లు అనేకం ఉన్నాయి. అటువంటి వాటిలో లైసెన్సు ఖర్చు లేకుండా ఎక్కించుకోదగినవి డెబియన్, ఉబుంటు, మన దేశంలో సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ వంటి లినక్స్ సిస్టంలు. వీటి మూల రచన అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఈ మూడింటిలోనూ ప్రోగ్రాములను నిర్వహించే పద్ధతి ఒక్కటే. ఆ పద్ధతే నేటి పాఠం.

ప్యాకేజీ అంటే ఏమిటి?

దాణా బస్తా మీద చీటీ ఉంటుంది. అందులో ఏమేమి కలిపారు, ఏ తేదీన తయారైంది, ఎవరు తయారుచేశారు అని రాసి ఉంటుంది. అదే విధంగా ఒక ప్రోగ్రామును, దాని పేరు, వెర్షను సంఖ్య, తయారీదారు వివరాలను కలిపి ఒకే మూటగా కట్టినదానిని ప్యాకేజీ అంటారు.

బర్రెకు దాణా ఒక్కటే వేస్తే పాలు రావు. గడ్డి కావాలి, నీళ్లు కావాలి, ఖనిజ లవణ మిశ్రమం కావాలి. ప్రోగ్రాము కూడా అంతే. ఒకటి పనిచేయడానికి మరో నాలుగు తోడు కావాలి. ఇది దేని మీద ఆధారపడుతుందన్న జాబితా కూడా ప్యాకేజీ చీటీలోనే ఉంటుంది. ఆ జాబితా చదివి, తోడు ప్యాకేజీలను తానే వెతికి తెచ్చి, వరుస తప్పకుండా అమర్చే పనివాడి పేరు ఆప్ట్. మూట విప్పి లోపల సర్దే పని మరో పనివాడిది. అతని పేరు డీపీకేజీ. ఈ రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

ఈ ప్యాకేజీలు ఎక్కడి నుండి వస్తాయి?

వీటిని ఉంచే చోటును భాండాగారం అనుకుందాం. డెబియన్ భాండాగారంలో 60,000 పైగా ప్యాకేజీలు ఉన్నాయి. దీన్ని ఏ కంపెనీ నడపడం లేదు. 1993లో ఇయాన్ మర్డాక్ అనే విద్యార్థి అమెరికాలో ఈ పనికి పూనుకున్నాడు. నేడు అనేక దేశాలలో ఉన్న స్వచ్ఛంద సభ్యులు ఒక్కొక్క ప్యాకేజీ బాధ్యతను పంచుకొని చూసుకుంటున్నారు. వాడుకరులకు తాము ఏమి హామీ ఇస్తున్నామో 1997లో ఒక ఒప్పందంగా రాసుకున్నారు. 1998లో నియమావళి ఏర్పరచుకున్నారు. ప్రతి సంవత్సరం సభ్యులు ఓటు వేసి నాయకుని ఎన్నుకుంటారు. ఇదంతా వింటే మన సభ్యులకు కొత్తగా తోచదు. పాలు పోసేవారే యజమానులుగా నడిచే సంఘం ఎటువంటిదో, ప్రోగ్రాములు రాసేవారి ఈ సంఘమూ అటువంటిదే.

2004లో మొదలైన ఉబుంటు, సీ-డాక్ వారి బాస్ ఈ డెబియన్ పునాది మీద కట్టినవే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెరిచిన రచన గల ప్రోగ్రాములను తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి కృషి చేసింది. కంప్యూటరు తెర మీద తెలుగు మాటలు కనిపించడం వెనుక ఇటువంటి ఎందరి శ్రమో ఉన్నది.

పరీక్ష ఎలా జరుగుతుంది?

తిరుమలగిరి మార్కెట్ యార్డుకు ధాన్యం తెచ్చిన రైతుకు తెలుసు, రాశి పోయగానే తేమ చూస్తారని. మన కేంద్రంలో పాలను పరీక్షించనిదే క్యానులో పోయం. ప్యాకేజీకి కూడా రెండు పరీక్షలు ఉన్నాయి.

మొదటిది సంతకం. భాండాగారపు జాబితా మీద దాని నిర్వాహకులు రహస్య తాళంతో ఒక గుర్తు వేస్తారు. ఆ గుర్తును సరిచూసే తాళం మన కంప్యూటరులో మొదటి నుండే ఉంటుంది. దారిలో ఎవరైనా జాబితాను మార్చితే గుర్తు సరిపోదు.

రెండవది లెక్క సంఖ్య. ప్రతి ప్యాకేజీలోని అక్షరాలన్నిటినీ గణించి ఒక పొడవైన సంఖ్యను జాబితాలో రాసి ఉంచుతారు. ప్యాకేజీ మన దగ్గరకు వచ్చాక ఆప్ట్ మళ్లీ గణిస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా సంఖ్య మారిపోతుంది, ఆప్ట్ ఆ మూటను విప్పదు. ట్యాంకరుకు వేసిన సీలు డెయిరీలో దించేటప్పుడు సరిచూసినట్లే ఇది. ఎవరో పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చిన ప్రోగ్రాముకు ఈ రెండు పరీక్షలూ ఉండవు. తేడా అక్కడే ఉన్నది.

ఆజ్ఞలు టైపు చేయడం ఎందుకు?

బొమ్మల మీద మౌసు నొక్కి కూడా ప్రోగ్రాములు ఎక్కించుకోవచ్చు. అయితే టెర్మినల్ అనే నల్లని తెర మీద ఆజ్ఞ టైపు చేసే పద్ధతిలో మూడు లాభాలు ఉన్నాయి. ఒకటి, చేయబోయే పని ఏమిటో ఆప్ట్ ముందే జాబితాగా చూపి మన అనుమతి అడుగుతుంది. రెండు, చేసిన పని తేదీతో సహా నమోదు అవుతుంది. మూడు, ఆజ్ఞలు మాటలే కనుక ఫోనులో చెప్పించుకొని చేయవచ్చు.

ఆజ్ఞలను కంప్యూటరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. ఇక్కడ పలికే తీరును తెలుగులో ఇస్తున్నాం. సుడో అనే మాటకు ఎస్, యు, డి, ఓ అక్షరాలు. ఆప్ట్ అనే మాటకు ఏ, పి, టి అక్షరాలు. మాటకూ మాటకూ మధ్య ఒక ఖాళీ వదలాలి. సుడో అంటే అధికారం గల వ్యక్తిగా ఈ పని చేయమని చెప్పడం. అందుకే అది పాస్‌వర్డు అడుగుతుంది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనిపించదు. కంగారు పడకుండా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కాలి.

నెలనెలా చేయవలసిన పని

ఉదయం పాల సేకరణ ముగిసి, సాయంత్రం సేకరణ మొదలు కాకముందు ఈ పని చేయాలి. బిల్లులు తీసే రోజున చేయరాదు. ముందుగా పాల లెక్కలను రెండు పెన్‌డ్రైవులలోకి నకలు తీయాలి. ఒకటి సంఘం బీరువాలో, మరొకటి అధ్యక్షుని ఇంటిలో ఉంచాలి.

1. సుడో ఆప్ట్ అప్‌డేట్

ఇది భాండాగారం నుండి తాజా జాబితాను తెస్తుంది. ప్రోగ్రాములను మార్చదు. పేరు చూసి చాలామంది ఇంతటితో పని అయిపోయిందని అనుకుంటారు. ఇది కేవలం ధరల పట్టీ తెచ్చుకోవడం వంటిది, సరుకు ఇంకా రాలేదు. సంతకం సరిపోలేదని ఇక్కడ హెచ్చరిక వస్తే అక్కడే ఆగి తెలిసినవారిని అడగాలి.

2. ఆప్ట్ లిస్ట్ అప్‌గ్రేడబుల్

లిస్ట్ తరువాత ఖాళీ వదలి, అప్‌గ్రేడబుల్ అనే మాటకు ముందు రెండు అడ్డగీతలు కలిపి పెట్టాలి. ఏ ప్యాకేజీలకు కొత్త వెర్షను వచ్చిందో చూపుతుంది. చూడడమే కనుక దీనికి సుడో అక్కరలేదు.

3. సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్

ఇది నిజంగా కొత్త వెర్షన్లను తెచ్చి అమర్చుతుంది. ఈ ఆజ్ఞ ఉన్న ప్యాకేజీ దేనినీ తీసివేయదు. ఫుల్-అప్‌గ్రేడ్ అనే మరో ఆజ్ఞ అవసరమైతే కొన్నిటిని తీసివేస్తుంది. అందువల్ల దాన్ని తెలిసినవారు పక్కన ఉన్నప్పుడే వాడాలి.

పని మొదలుపెట్టే ముందు కొనసాగించమంటారా అని ఆప్ట్ అడుగుతుంది. ఔను అంటే వై, కాదు అంటే ఎన్ కొట్టాలి. వై కొట్టే ముందు జాబితాను ఒకసారి చదవాలి. తీసివేయబడేవి అన్న శీర్షిక కింద మనకు కావలసిన పేరు కనిపిస్తే ఎన్ కొట్టి ఆగాలి. చదవకుండా వై కొట్టడం, అంకెలు చూడకుండా బిల్లు మీద సంతకం చేయడం ఒక్కటే.

కొత్త ప్రోగ్రాము ఎక్కించుట: ఒక ఉదాహరణ

కొత్తగా లినక్స్ ఎక్కించిన కంప్యూటరులో సభ్యుల జాబితా తెరిస్తే కొన్ని సందర్భాలలో తెలుగు పేర్లకు బదులు ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. లెక్క పోయిందని భయపడనక్కరలేదు. తెలుగు అక్షరాల ఆకారాలు గల ఫాంటు ఆ కంప్యూటరులో లేకపోతే ఇలా జరుగుతుంది. డబ్బాలతో అచ్చయిన చీటీ చేతికిస్తే సభ్యుడు తన పేరు తానే పోల్చుకోలేడు. దీన్ని సరిచేసుకుందాం.

ముందుగా వెతకాలి: ఆప్ట్ సెర్చ్ తెలుగు. తెలుగు అనే మాటను టి, ఇ, ఎల్, యు, జి, యు అని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. తెలుగుకు సంబంధించిన ప్యాకేజీల పేర్లు వస్తాయి. వాటిలో ఫాంట్స్-లోహిత్-తెలు అనేది ఒకటి. ఇందులో తెలు అన్నదానికి టి, ఇ, ఎల్, యు అని నాలుగే అక్షరాలు.

తరువాత చీటీ చదవాలి: ఆప్ట్ షో ఫాంట్స్-లోహిత్-తెలు. ఇది ఏమిటి, ఎంత పరిమాణం, ఎవరి బాధ్యత, దేని మీద ఆధారపడుతుంది అన్నది కనిపిస్తుంది.

ఆపైన ఎక్కించాలి: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-లోహిత్-తెలు. పని ముగిశాక జాబితాను మూసి మళ్లీ తెరిస్తే తెలుగు పేర్లు కనిపిస్తాయి. వెతకడం, చదవడం, ఎక్కించడం అనే ఈ మూడు అడుగుల వరుస ఏ ప్రోగ్రాముకైనా ఒక్కటే.

తీసివేయుటలో జాగ్రత్త

అక్కరలేని ప్రోగ్రామును సుడో ఆప్ట్ రిమూవ్ అని, దాని పేరు కొట్టి తీసివేయవచ్చు. రిమూవ్ ప్రోగ్రామును తీసి, దాని అమరికలను ఉంచుతుంది. మళ్లీ ఎక్కిస్తే పాత అమరికలతోనే పనిచేస్తుంది. పర్జ్ అనే ఆజ్ఞ అమరికలను కూడా తుడిచివేస్తుంది. లెక్కలను దాచే డేటాబేసు ప్యాకేజీ మీద పర్జ్ ప్రయోగిస్తే లెక్కలు కూడా పోయే ప్రమాదం ఉన్నది. కావున పాల లెక్కలు ఉన్న కంప్యూటరులో పాలకవర్గం అనుమతి లేనిదే పర్జ్ వాడరాదు.

మధ్యలో కరెంటు పోతే

పల్లెలలో ఇది తరచు ఎదురయ్యే ఇబ్బంది. అప్‌గ్రేడ్ జరుగుతుండగా కరెంటు పోతే కొన్ని మూటలు సగం విప్పి ఉండిపోతాయి. తరువాత ఆప్ట్ ఏ పనీ చేయకుండా మొరాయించవచ్చు. కంప్యూటరు చెడిందని మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించవలసిన పని లేదు. తిరిగి కరెంటు వచ్చాక ఈ రెండు ఆజ్ఞలు వరుసగా ఇవ్వాలి.

సుడో డీపీకేజీ కాన్ఫిగర్ ఏ. ఇందులో డీపీకేజీ అంటే డి, పి, కె, జి అక్షరాలు. కాన్ఫిగర్‌కు అసలు మాట కాన్ఫిగ్యూర్. సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి, యు, ఆర్, ఇ అని పూర్తిగా కొట్టి, ముందు రెండు అడ్డగీతలు పెట్టాలి. చివరి ఏ ముందు ఒక అడ్డగీత పెట్టాలి. సగంలో ఆగిన అమరికలను ఇది పూర్తిచేస్తుంది.

సుడో ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్. ఫిక్స్ ముందు రెండు అడ్డగీతలు, ఫిక్స్‌కూ బ్రోకెన్‌కూ నడుమ ఒకటి. తోడు ప్యాకేజీలలో ఏవైనా లోపిస్తే తెచ్చి కలుపుతుంది.

మరొక సందర్భంలో, తాళం దొరకలేదు అన్న అర్థం వచ్చే సందేశం కనిపిస్తుంది. అప్పటికే మరో ప్రోగ్రాము ప్యాకేజీల పని చేస్తున్నదని దాని భావం. ఒకే క్యానులో ఇద్దరు ఒకేసారి పాలు పోయకుండా ఆపినట్లు అది మనను ఆపుతున్నది. కొద్దిసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఆ తాళం ఫైలును చెరిపివేయమని ఎవరైనా సలహా చెబితే పాటించవద్దు.

యంత్రంతో వచ్చిన ప్రోగ్రాము సంగతి

పాల పరీక్ష యంత్రం, తూకం యంత్రం అమ్మినవారు ఇచ్చే ప్రోగ్రాము సాధారణంగా డెబియన్ భాండాగారంలో ఉండదు. దాన్ని విడిగా తెచ్చుకోక తప్పదు. అటువంటప్పుడు ఈ నియమాలు పాటించాలి. ప్రోగ్రామును అమ్మినవారి నుండి నేరుగా తీసుకోవాలి. వెర్షను సంఖ్యను రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. మన సిస్టం వెర్షను మీద పనిచేస్తుందని ముందే ఖాయం చేసుకోవాలి. అది ప్యాకేజీ రూపంలోనే ఉంటే సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ అని, దాని పేరు కొట్టాలి. అన్‌హోల్డ్ అని చెప్పేవరకు మామూలు అప్‌గ్రేడులో ఆప్ట్ దాని వెర్షను మార్చదు.

ఎక్కించిన వెంటనే మొదటి రెండు పూటలు యంత్రపు లెక్కను, చేతి లెక్కను పక్కపక్కన పెట్టి పోల్చాలి. సభ్యుల సమక్షంలో ఈ పని చేస్తే అనుమానాలకు తావుండదు.

రెండు ఘటనలు, రెండు గుణపాఠాలు

2017 మే 12న వన్నాక్రై అనే చెడు ప్రోగ్రాము ప్రపంచమంతా వ్యాపించింది. కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. అది విండోస్‌లోని ఒక లోపం గుండా ప్రవేశించింది. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ కంపెనీ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసి ఉన్నది. సవరణ సకాలంలో ఎక్కించుకున్న కంప్యూటర్లకు ఆ లోపం తలుపు మూసుకుపోయింది. టీకా వచ్చాక కూడా పశువుకు వేయించకపోతే గాలికుంటు ఆగదు. నెలనెలా అప్‌డేట్, అప్‌గ్రేడ్ చేయమనడం ఇందుకే.

రెండవది 2024లో జరిగింది. ఫైళ్లను కుదించే ఎక్స్ జెడ్ అనే ప్యాకేజీ లినక్స్ సిస్టంలలో విరివిగా వాడుకలో ఉన్నది. దాని నిర్వహణలో సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఒక అజ్ఞాత వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులోకి దూరం నుండి ప్రవేశించేటప్పుడు దాదాపు అర సెకను ఆలస్యం కావడం గమనించాడు. కారణం వెతుకుతూ పోయి ఆ దొంగదారిని కనిపెట్టి, మార్చి 29న లోకానికి తెలియజేశాడు. ఆ వెర్షన్లు డెబియన్ ప్రయోగ శాఖల వరకే వచ్చాయి, స్థిర శాఖలోకి చేరలేదు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి రెండు. తెరిచిన రచన కావడం చేత ఆ ఇంజనీరు లోపలికి వెళ్లి చూడగలిగాడు. అయినా తెరిచి ఉన్నంత మాత్రాన ప్రమాదం రాదని అనుకోరాదు, ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఇక రెండవది, కొత్తది వచ్చిందని తొందరపడి ప్రయోగ శాఖలోని సరుకు తెచ్చుకోరాదు. పాల లెక్కలు ఉన్న కంప్యూటరుకు స్థిర శాఖే తగినది. కొత్తదనం కంటే నిలకడ మనకు ముఖ్యం.

రిజిస్టరు పెట్టండి

ఆప్ట్ తాను చేసిన పనులను వార్ అనే అరలో, లాగ్ అనే లోపలి అరలో, ఆప్ట్ అనే పేరు కింద హిస్టరీ అన్న ఫైలులో రాసుకుంటుంది. పాత నెలల వివరాలను కట్ట కట్టి పెట్టి, సుమారు ఏడాది తరువాత తీసివేస్తుంది. కావున సంఘంలో ఒక రిజిస్టరు విడిగా ఉండాలి. తేదీ, ఎక్కించిన లేక తీసివేసిన ప్యాకేజీ పేరు, వెర్షను, కారణం, చేసినవారి సంతకం అనే ఐదు గడులు చాలు. నెలవారీ పాలకవర్గ సమావేశంలో దాన్ని చదివి వినిపించాలి.

పాస్‌వర్డు ఒక్కరికే తెలిసి ఉండడం మంచిది కాదు. కార్యదర్శి సెలవులో ఉన్న రోజున సంఘం ఆగిపోరాదు. దాన్ని రాసి, కవరులో పెట్టి, సీలు వేసి అధ్యక్షుని వద్ద ఉంచాలి. పాలకవర్గంలోని మరొకరికి, వీలైతే చదువుకున్న మహిళా సభ్యురాలికి, ఈ ఆజ్ఞలు నేర్పాలి. సంఘం కంప్యూటరు సభ్యుల సొత్తు. దాని లోపల ఏమి ఉన్నదో అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉన్నది, చెప్పగలిగే శక్తి సంఘానికి ఉండాలి.

సమావేశంలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన కంప్యూటరులో ఏ సిస్టం, ఏ వెర్షను ఉన్నది? దానికి భద్రతా సవరణలు ఇంకా వస్తున్నాయా?

2. అప్‌డేట్, అప్‌గ్రేడ్ ఆజ్ఞల మధ్య తేడా ఏమిటి?

3. గత ఆరు నెలలలో భాండాగారం బయటి నుండి ఎక్కించిన ప్రోగ్రాములు ఏవి? ఎవరు ఇచ్చారు?

4. పాల లెక్కల నకలు చివరిసారి ఎప్పుడు తీశారు? దాన్ని తెరిచి సరిచూశారా?

5. నేటి సాయంత్రం కార్యదర్శి రాకపోతే ఈ కంప్యూటరును నడపగలిగిన రెండవ వ్యక్తి ఎవరు?

ఈ అయిదింటికీ జవాబులు రాసి రిజిస్టరు మొదటి పేజీలో అతికించండి. జవాబు దొరకని ప్రశ్నతోనే వచ్చే నెల పని మొదలుపెట్టండి.